పాతాళ రైలు ఆగితే పై ఊరంతా నడకే

2025 సెప్టెంబరు 8, సోమవారం. లండన్‌లో తెల్లవారింది గాని భూమి కింద రైలు కదలలేదు. స్టేషన్ల ముందు ఇనుప గేట్లు లాగి తాళాలు వేశారు. బస్టాపుల్లో జనం కిటకిటలాడారు. వచ్చిన బస్సు అప్పటికే నిండి వుండడంతో ఆగకుండానే వెళ్లిపోయింది. అద్దె సైకిళ్లకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. సూటూ బూటూ వేసుకున్న ఆఫీసరూ, హోటల్లో గిన్నెలు కడిగే కుర్రవాడూ ఒకే రోడ్డు మీద ఒకే తీరున నడక సాగించారు. గురువారం దాకా నాలుగు రోజులు ఇదే తంతు.

సమ్మెకు దిగింది ఆర్.ఎం.టి. అని పొడి అక్షరాలతో పిలిచే రవాణా కార్మికుల సంఘం. జీతాల మాట ఒకటి. వారానికి 35 గంటల పనిని 32 గంటలకు తగ్గించాలన్నది ఇంకొకటి. జీతాలు 3.4 శాతం పెంచుతాం గాని పని గంటలు తగ్గించడం మా వల్ల కాదని లండన్ రవాణా సంస్థ తేల్చి చెప్పింది. మాటలు తెగాయి, రైళ్లు ఆగాయి.

ఇది లండన్ గోల, మనకెందుకు అనుకునే రోజులు పోయాయి. పొలం మీద అప్పు తెచ్చో, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టో పిల్లల్ని పై చదువులకు ఇంగ్లండు పంపిన తల్లిదండ్రులు మన పల్లెల్లోనూ వున్నారు. ఈస్ట్ హామ్, హౌన్‌స్లో, హారో వంటి పేర్లు ఇప్పుడు మన రచ్చబండల మీద కూడా వినబడుతున్నాయి. అక్కడ గదులు తీసుకున్నవారు నగరం నడిబొడ్డుకు పనికి వెళ్లాలంటే చాలామందికి ఆ పాతాళ రైలే ఆధారం. అది ఆగితే పిల్లవాడి షిఫ్టు పోతుంది. షిఫ్టు పోతే ఆ నెల గది అద్దెకు ఇక్కడి నుంచే డబ్బు పంపాల్సి వస్తుంది.

గొట్టంలో ప్రయాణం

హైదరాబాదు వెళ్లి మెట్రో ఎక్కినవారు మన ఊళ్లలో చాలామందే వున్నారు. అది 2017 నవంబరులో మొదలైంది, స్తంభాల మీద నడుస్తుంది. మన దేశంలో భూమి కింద రైలు మొదట నడిచింది కలకత్తాలో, 1984 అక్టోబరులో. లండన్‌లో అది 1863 జనవరి 10న మొదలైంది. అంటే ఇక్కడ సిపాయిల తిరుగుబాటు జరిగి ఆరేళ్లు తిరక్కుండానే అక్కడ పాడింగ్టన్ నుంచి ఫారింగ్‌డన్ వరకు నేల కింద రైలు నడిపారు. అదీ బొగ్గు ఇంజనుతో. సొరంగంలో పొగ కమ్మి కళ్లు మండుతున్నా మొదటి రోజే సుమారు 38 వేల మంది ఎక్కారంటే పైన రోడ్ల మీద గుర్రపు బండ్ల రద్దీ ఏ స్థాయిలో వుండేదో ఊహించుకోవచ్చు.

1890లో కరెంటు రైలు వచ్చింది. దానితో ఇంకా లోతుకు వెళ్లే వీలు కలిగింది. గుండ్రంగా తొలిచిన ఆ సొరంగాల అడ్డుకొలత ఇంచుమించు 12 అడుగులే. రైలు వాటిలో ఇరుకుగా దూరిపోతుంది. అందుకే జనం దాన్ని ‘ట్యూబ్’ అంటారు, అంటే గొట్టం. ఇప్పుడు మొత్తం 11 లైన్లు, 272 స్టేషన్లు, 250 మైళ్ల దారి. చిత్రమేమంటే ఈ దారిలో సగానికి పైగా నేల పైనే వుంది. పేరు మాత్రం ‘అండర్‌గ్రౌండ్’. హాంప్‌స్టెడ్ అనే స్టేషన్ అన్నిటిలోకీ లోతైనది, 190 అడుగులకు పైమాటే. మన దగ్గర 190 అడుగుల్లో బోరుకు నీళ్లు పడితే కొబ్బరికాయ కొడతాం. అక్కడ ఆ లోతులో రైలు వచ్చి ఆగుతుంది. లిఫ్టు పని చేయకపోతే 320 మెట్లు ఎక్కాలి.

సమ్మె లేని రోజున కూడా ఆ ప్రయాణం సుఖమైనదేమీ కాదు. రోజుకు నలభై లక్షల ప్రయాణాలు దాటే రోజులున్నాయి. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా సెంట్రల్ లైన్‌లో నిలబడడానికి చోటు దొరికితే అదృష్టం. రెండు మూడు రైళ్లు వదిలేస్తే గాని ఎక్కలేని స్టేషన్లు వున్నాయి. సిగ్నల్ చెడిందని ఒకనాడు, ఎవరికో ఒంట్లో బాగాలేదని మరొకనాడు సొరంగం మధ్యలో రైలు నిలిచిపోతుంది. బాకర్లూ లైన్‌లో నడిచే రైళ్లు 1972లో వచ్చినవి. 2025 నాటికీ అవే నడుస్తున్నాయి. మన ఊరికి వచ్చే పల్లెవెలుగు బస్సు పాతదని మనం గొణుక్కుంటాం గాని, అది ఆ రైలు ముందు పసిపిల్ల.

వేడి సంగతి వేరే చెప్పుకోవాలి. లండన్ కింద వున్నది బంకమట్టి. మొదట్లో సొరంగాలు చల్లగా వుండేవి, ఎండాకాలం చల్లదనానికి ట్యూబ్ ఎక్కండని ప్రకటనలు కూడా వేశారు. వందేళ్లకు పైగా రైళ్లు బ్రేకులు వేసినప్పుడల్లా పుట్టిన వేడిని ఆ మట్టి పీల్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు పీల్చుకునే శక్తి తగ్గి, కుమ్మరి ఆవంలా తానే వేడిని పట్టి వుంచుతోంది. వేసవిలో సెంట్రల్ లైన్ రైళ్లలో 30 డిగ్రీలు దాటుతుంది. ముప్పై డిగ్రీలంటే మనకు సంక్రాంతి నాటి మధ్యాహ్నమే కదా అని నవ్వవచ్చు. గాలి ఆడని గొట్టంలో, భుజం భుజం రాసుకుంటూ, చలికోటుతో నిలబడినవాడికి నవ్వు రాదు. పశువులను లారీలో తరలించేటప్పుడు ఇంత వేడి మించరాదని ఐరోపాలో నిబంధన వుందనీ, మనుషులకు ఆపాటి నిబంధన కూడా లేదనీ లండన్ పత్రికలు వేసవి వచ్చినప్పుడల్లా ఎత్తిపొడుస్తుంటాయి. 2010 నుంచి వచ్చిన కొత్త రైళ్లలో ఏసీ వుంది. కాని అవి నేలకు దగ్గరగా వుండే పెద్ద సొరంగాల్లో నడిచేవి. లోతైన గొట్టాల్లో ఏసీ పెడితే రైలు లోపలి వేడిని బయటకు తోయాలి. తోయడానికి అక్కడ చోటేది?

షిఫ్టు పోయినవాడి లెక్క

ఇంతా భరించి జనం ఎక్కుతున్నారంటే వేరే దారి లేక. ఆ వున్న దారి కూడా సమ్మెతో మూసుకుపోతే ఏమవుతుందో ఒక లెక్క చూద్దాం.

బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారికి గంటకు కనీస కూలి 12 పౌండ్ల 21 పెన్నీలుగా వుండేది. ఎనిమిది గంటల షిఫ్టుకు 97 పౌండ్ల పైచిలుకు. మన డబ్బులో పది వేల రూపాయలు దాటుతుంది. విద్యార్థి వీసా మీద వెళ్లినవాడు చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. అంటే ఒక్క షిఫ్టు పోతే వారం సంపాదనలో దాదాపు సగానికి గండి పడినట్లే. రెండు పోతే ఆ వారం నీళ్లు తాగి గడపాలి. షాపుల్లో, హోటళ్లలో, గోడౌన్లలో ఇటువంటివారికి చాలాచోట్ల నికరమైన పని గంటలంటూ వుండవు. పిలిస్తే పని, పిలవకపోతే లేదు. రాలేకపోయినవాడి షిఫ్టు మరొకడికి వెళుతుంది. రైలు లేదు అన్న కారణం యజమానికి కారణం కాదు.

ఈస్ట్ హామ్‌లో వుండే కుర్రవాడు మామూలు రోజున డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే అరగంట లోపు టవర్ హిల్ దగ్గర దిగుతాడు. సమ్మె రోజున సుమారు మైలు నడిచి మేనర్ పార్క్ చేరి ఎలిజబెత్ లైన్ పట్టుకోవాలి. అది వేరే లైను, 2022 మేలో మొదలైంది, సెప్టెంబరు సమ్మెలో నడిచింది. నడిచిందని తెలిసి ఊరంతా అక్కడికే వచ్చింది. లేదా 115 నంబరు బస్సులో ఆల్డ్‌గేట్ దాకా పాకుతూ పోవాలి. ఆరు గంటల షిఫ్టుకు నాలుగింటికే లేవాలి. ఇంటి నుంచి కంప్యూటరు ముందు కూర్చుని పని చేసుకునే ఉద్యోగికి సమ్మె ఒక సెలవు లాంటిది. ఇడ్లీ రుబ్బేవాడు, ఆఫీసు అద్దాలు తుడిచేవాడు ఇంటి నుంచి పని చేయలేడు కదా.

అటువైపు డ్రైవరు జీతం ఏడాదికి 60 వేల పౌండ్లకు పైనే. వారానికి 35 గంటలు. అతనికి ఇంకో మూడు గంటలు తగ్గాలని సమ్మె. నికరంగా ఇన్ని గంటలని చెప్పుకోవడానికే లేనివాడికి ఇది మింగుడుపడదు. ఆ కడుపుమంటను తప్పు పట్టలేము.

డ్రైవరు వచ్చినా గేటు తెరవరు

అయితే రైలు నడపని మామూలు ఉద్యోగులు సమ్మె చేస్తే కూడా రైలు ఎందుకు ఆగుతుంది? టిక్కెట్లు మిషనే ఇస్తుంది, గేటు దానంతటదే తెరుచుకుంటుంది. అటువంటప్పుడు స్టేషన్ సిబ్బంది లేకపోతే ఏం? ఈ ప్రశ్నకు జవాబు కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో వుంది.

1987 నవంబరు 18 సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో ఆ స్టేషన్‌లో కదిలే మెట్ల కింద నిప్పు రాజుకుంది. అప్పటికి ఆ మెట్లు కర్రవి. ఎవరో పారేసిన అగ్గిపుల్ల మెట్ల సందులోంచి కిందికి జారి, ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు, చెత్త అంటుకున్నాయని విచారణలో తేలింది. మొదట చిన్న మంటే. కాసేపటికి భగ్గుమని టిక్కెట్ల హాలులోకి ఎగదన్నింది. 31 మంది చనిపోయారు. అటువంటి ఆపదలో ఏం చేయాలో సిబ్బందికి తగిన శిక్షణ లేదని డెస్మండ్ ఫెన్నెల్ జరిపిన విచారణ బయటపెట్టింది. 1989లో కొత్త నిబంధనలు వచ్చాయి. కర్ర మెట్లు తీసేశారు. భూగర్భ స్టేషన్‌లో ఇంతమంది శిక్షణ పొందిన సిబ్బంది వుంటే తప్ప గేటు తెరవరాదన్నారు. ఆ లెక్కకు ఒక్కరు తక్కువైనా స్టేషన్ మూసివేయాల్సిందే. డ్రైవరు సిద్ధంగా వున్నా రైలు ఆ స్టేషన్‌లో ఆగకుండా పోతుంది. సమ్మె రోజున మూసిన గేటును చూసి తిట్టుకునే ప్రయాణీకుడికి ఆ గేటు వెనుక 31 ప్రాణాల కథ వుందని గుర్తు రాకపోవచ్చు.

ఈ సంగతి తెలిస్తే 2014 నాటి సమ్మె వేరుగా కనబడుతుంది. అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్ హయాంలో, స్టేషన్లలో టిక్కెట్ల కౌంటర్లు ఎత్తివేస్తామని 2013 నవంబరులో ప్రకటించారు. కార్డులు వచ్చాక కిటికీ దగ్గర టిక్కెట్టు కొనేవారు తగ్గారన్నది సంస్థ వాదన. అబద్ధం కాదు. కాని కౌంటరు మనిషి టిక్కెట్టు చింపి ఇవ్వడానికి మాత్రమే లేడని సంఘాలు అన్నాయి. 2014 ఫిబ్రవరిలో 48 గంటలు సమ్మె చేశారు. సమ్మెకు పేరుమోసిన సంఘం నాయకుడు బాబ్ క్రో మరుసటి నెలలోనే హఠాత్తుగా మరణించారు. కౌంటర్లు మాత్రం 2015లో మూతపడ్డాయి. కోత కోసిన పోస్టులు తిరిగి ఇవ్వాలని 2017 జనవరి 9న మళ్లీ ఒక రోజు రైళ్లు ఆగాయి.

మన ఊరి నుంచి కొడుకు దగ్గరికో, కూతురి కాన్పుకో వెళ్లే పెద్దవారిని తలచుకుంటే ఈ తగాదా ఎంత దగ్గరిదో తెలుస్తుంది. మిషను ముందు నిలబడి తెరపై ఇంగ్లీషు చదివి వేలితో నొక్కడం రాని తల్లికి కావలసింది నీలం కోటు వేసుకున్న ఒక మనిషి. ముసలివారికి, చక్రాల కుర్చీవారికి మెట్లు లేని దారి వున్న స్టేషన్లు మూడింట ఒక వంతు వరకే వున్నాయి. మిగతా చోట్ల చేయి పట్టుకునేవాడు ఆ ఉద్యోగే. 2005 జూలై 7న ట్యూబ్ రైళ్లలోనూ ఒక బస్సులోనూ బాంబులు పేలి 52 మంది బలైనప్పుడు, చీకటి సొరంగాల్లోంచి గాయపడినవారిని నడిపించి బయటకు తెచ్చినవారిలో రైలు సిబ్బంది వున్నారు. అందువల్ల 2014 సమ్మెనూ, 2025 సమ్మెనూ ఒకే గాట కట్టడం ఈ వ్యాసకర్తకు ఇష్టం లేదు. మొదటిదాన్లో ప్రయాణీకుడి మేలు కూడా వుంది. రెండోదాన్లో ఆ మేలు ఎక్కడుందో వెతుక్కోవాలి. తెల్లవారుజాము, రాత్రి షిఫ్టులతో అలసట పెరిగి ఆరోగ్యం చెడుతోందని సంఘం చెప్పింది. అలసిన డ్రైవరు చేతిలో వెయ్యి ప్రాణాలు వుంటాయన్నది నిజమే. కాని ఆ మాట బస్టాపులో గంటసేపు నిలబడినవాడికి ఎవరూ విడమరచి చెప్పలేదు.

సమ్మె అంటే డబ్బు పుట్టిందా?

రాత్రి రైళ్ల కథ మరో రకం. శుక్ర, శని వారాల్లో రాత్రంతా రైళ్లు నడుపుతామని సంస్థ ప్రకటిస్తే, రాత్రి పనికి లెక్క తేల్చమని 2015 జూలై 8న నాలుగు సంఘాలూ కలిసి దిగాయి. ట్యూబ్ మొత్తం ఆగిపోయింది. ఆగస్టులో మళ్లీ ఆగింది. చివరికి 2016 ఆగస్టు 19న రాత్రి రైళ్లు మొదలయ్యాయి, అనుకున్నదానికి ఏడాది ఆలస్యంగా. అవి వచ్చాక బాగుపడింది మళ్లీ హోటళ్లలో, ఆసుపత్రుల్లో రాత్రి పని చేసేవారే. అదే జనం సమ్మెలో నలిగారు, అదే జనం ఫలం అనుభవించారు.

కోవిడ్ కాలం అన్నిటినీ తలకిందులు చేసింది. లండన్ రవాణా సంస్థకు టిక్కెట్ల సొమ్మే పెద్ద ఆదాయం. 2020 ఏప్రిల్‌లో ట్యూబ్ ఎక్కేవారు 95 శాతం తగ్గిపోయారు. ఖజానా ఖాళీ. ప్రభుత్వం డబ్బు ఇచ్చింది గాని షరతులు పెట్టింది, ఉద్యోగుల పింఛను తిరిగి పరిశీలించాలన్నది వాటిలో ఒకటి. పింఛను మీద చేయి వేస్తే ఎవరు వూరుకుంటారు? 2022 మార్చి 1న ఒకసారి, 3న ఒకసారి రైళ్లు ఆగాయి. మధ్యలో 2వ తేదీ కూడా పొద్దుట సర్దుకోలేదు. ఒక రోజు వదిలి ఒక రోజు చేసే ఈ సమ్మెలో కిటుకు వుంది. కార్మికుడు రెండు రోజుల జీతం పోగొట్టుకుంటే, రైళ్లు ఇంచుమించు మూడు రోజులు చెడతాయి. సమ్మె రోజుకు అక్కడ జీతం రాదు మరి.

2024 జనవరిలో మరో సమ్మెకు ముహూర్తం పెట్టారు. గంటల ముందు మేయర్ సాదిక్ ఖాన్ మూడు కోట్ల పౌండ్లు అదనంగా చూపించారు, సమ్మె ఆగింది. ఈ డబ్బు అంతకుముందు ఎక్కడ దాక్కుందని ప్రతిపక్షం అడిగింది. సమ్మె అనగానే డబ్బు పుడుతుందని ఒకసారి రుజువైతే మరుసటి ఏడు మళ్లీ సమ్మె మాట రాకుండా వుంటుందా?

ఈ గొడవంతా లేకుండా డ్రైవరు లేని రైలు నడపవచ్చు కదా అన్నవారూ వున్నారు. విక్టోరియా లైన్‌లో 1968 నుంచే రైలు దానంతటది నడుస్తుంది, డ్రైవరు తలుపులు వేసి మీట నొక్కుతాడంతే. కాని పాత గొట్టాల్లో రైలు పక్కన మనిషి నడిచే అరుగు కూడా లేదు. మధ్యలో ఆగితే జనాన్ని పట్టాల మీదుగా నడిపించాలి, దానికి మనిషి వుండాలి. పైపెచ్చు లండన్ తూర్పున డి.ఎల్.ఆర్. అనే చిన్న రైలు 1987 నుంచి డ్రైవరు లేకుండానే నడుస్తోంది. 2025 సెప్టెంబరు 9న, 11న అదీ ఆగింది. అందులో డ్రైవరు లేకపోయినా తలుపుల దగ్గర ఉద్యోగి వుంటాడు, ఆ ఉద్యోగికీ సంఘం వుంది.

పటం చేసిన మోసం

సమ్మె వల్ల జనానికి లాభం కలిగిందంటే నమ్ముతారా? 2014 ఫిబ్రవరి సమ్మెలో ట్యూబ్ స్టేషన్లు కొన్ని మూతపడ్డాయి, కొన్ని తెరిచి వున్నాయి. రోజూ ఒకే దారిన వెళ్లేవారు దారి మార్చుకోక తప్పలేదు. ప్రయాణీకుల కార్డులు ఎక్కడ గీకారో, ఎక్కడ దిగారో అన్న వివరాలను ముగ్గురు ఆర్థికశాస్త్ర పండితులు పేర్లు లేకుండా తెప్పించుకుని పరిశీలించారు. సమ్మె ముగిశాక రోజువారీ ప్రయాణీకుల్లో సుమారు 5 శాతం మంది పాత దారికి తిరిగి రాలేదు. సమ్మెలో పట్టిన కొత్త దారే బాగుందని అందులోనే వుండిపోయారు. అంటే అంతవరకు ఏళ్ల తరబడి చుట్టుదారిన తిరుగుతూ వచ్చారన్నమాట.

దానికి ఒక కారణం పటమే. లండన్ ట్యూబ్ పటం ప్రపంచ ప్రసిద్ధం. హారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీసిన ఆ పటం 1933లో అచ్చయింది. కరెంటు తీగెల పటంలా అన్నీ నిలువు, అడ్డ, ఏటవాలు గీతలే. ఏ స్టేషన్ తర్వాత ఏది అన్నది చక్కగా చెబుతుంది, ఎంత దూరమో మాత్రం చెప్పదు. నడిబొడ్డున స్టేషన్లు అర మైలుకొకటి వున్నా, శివార్లలో రెండు మైళ్లకొకటి వున్నా పటంలో ఎడం ఇంచుమించు ఒక్కటే. ఆ పటాన్ని నమ్మి పది నిమిషాల నడకకు రైలు మారి అరగంట తిరిగేవారున్నారు. మన పటేలు చేలగట్టు దారి తెలియక డొంక చుట్టూ తిరిగే కొత్త అల్లుడి బాపతు. దారి తెగితే గాని వాళ్లకు అసలు దారి తెలియలేదు. అలాగని కొత్త దారి దొరికిన ఆ అయిదుగురి కోసం మిగిలిన తొంభై అయిదుగురిని నడిపించమని ఎవరూ అనరు.

యాభై రెండు రోజులు చూసినవాళ్లం

తెలంగాణ పల్లెలకు రవాణా సమ్మె కొత్త కాదు. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. సుమారు 48 వేల మంది కార్మికులు, 26 డిమాండ్లు. బస్సు పాసు చేతిలో పట్టుకుని ఆటో టాపు మీద వేలాడిన కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోలేక ఊళ్లోనే మందు మింగిన ముసలివాళ్లు అందరికీ గుర్తే. ఆ సమ్మెలో కొందరు కార్మికులు ప్రాణాలు కూడా కోల్పోయారు. 2023 జనవరి 3న హైదరాబాదు మెట్రోలో టిక్కెట్లు ఇచ్చే కాంట్రాక్టు ఉద్యోగులు జీతం చాలడం లేదని విధులు బహిష్కరించారు. వారి జీతం నెలకు పదకొండు వేలే.

లండన్‌తో తేడా ఎక్కడంటే, అక్కడ సమ్మెకు ముందు సభ్యులందరికీ పోస్టులో ఓటు కాగితం వెళ్లాలి, మెజారిటీ రావాలి, యజమానికి ఫలానా తేదీ అని నోటీసు ఇవ్వాలి. అందుచేత సమ్మె తేదీలు ఊరికి ముందే తెలుస్తాయి. 2025 సెప్టెంబరులో వెంబ్లీ స్టేడియంలో కచేరీలు పెట్టుకున్న కోల్డ్‌ప్లే అనే పాటల బృందం, రైళ్లు లేకుండా అంతమందిని ఇళ్లకు చేర్చడం కుదరదని తెలుసుకుని రెండు తేదీలు మార్చుకుంది. కచేరీ తేదీ మార్చుకోవచ్చు. షిఫ్టు తేదీ మార్చే అధికారం గిన్నెలు కడిగేవాడికి లేదు. ముందే తెలిసినా అతనికి ఒరిగింది అలారం ఇంకో రెండు గంటలు ముందుకు తిప్పుకోవడమే.

పిల్లలు అక్కడ వున్న ఇళ్లవారికి రెండు ముక్కలు. ఎండాకాలపు గడియారంలో లండన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనుక, చలికాలంలో అయిదున్నర గంటలు. మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయ్యే వేళకు సెప్టెంబరులో అక్కడ ఉదయం తొమ్మిది, సొరంగంలో జనం కిక్కిరిసే సమయం. సొరంగాల్లో ఫోను సిగ్నల్ అన్ని లైన్లలోనూ ఇంకా పూర్తిగా రాలేదు. ఆ వేళకు ఫోను కలవకపోతే కంగారు పడనక్కరలేదు. సమ్మె తేదీ ఖాయమైతే పిల్లవాడు చేయవలసింది, షిఫ్టు ఇచ్చేవాడితో ముందే మాట్లాడి రోజు మార్పించుకోవడం, కుదరకపోతే పని చేసే చోటికి నడిచే దూరంలో వున్న స్నేహితుడి గదిలో ఆ రెండు రాత్రులు తల దాచుకోవడం. తల్లిదండ్రులు అక్కడికి వెళ్లే విమానం టిక్కెట్టు తీసుకునే ముందు కూడా ఆ తేదీలు అడిగి తెలుసుకోవాలి. హీత్రూ విమానాశ్రయం నుంచి హౌన్‌స్లో వెళ్లే పికడిల్లీ లైన్ సమ్మెలో ఆగిపోతుంది. ఆ రోజు పెట్టెలు మోసుకుని బస్సు ఎక్కాలి.